పొద్దు వాలేలోపల

మా ఇంట్లో మద్రాసు అంటే ఊరు కాదు, సరుకు. తిరుత్తణి కొండ మెట్ల మొదట్లో మా అంగడి. కర్పూరం, విబూది, ఊదువత్తులు, కుంకుమ పొట్లాలు, కావళ్ళకు కట్టే నెమలి ఈకలు, అన్నీ మద్రాసు నుంచే రావాలి. మా నాయన నెలకు రెండుసార్లు పోయి తెచ్చేవాడు. ముప్ఫై ఏళ్ళు అట్లా పోయాడు. సెంట్రల్‌లో దిగడం, సౌకారుపేట హోల్‌సేల్ వీధికి నడవడం, సరుకు మూట కట్టించడం, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర ఆ మూట మీదే కూర్చుని తినడం, సాయంత్రం రైలుకు తిరిగి రావడం. ఆ వీధికి అవతల కొంచెం దూరంలోనే సముద్రం ఉందని ఆయనకు తెలుసు. ఎప్పుడైనా చూశావా నాయనా అని అడిగితే, "దాంట్లో మన అంగడికి పనికొచ్చే సరుకేముండాది?" అనేవాడు.

ఊరికే పోయి ఊరికే రావడం మా వంశంలో లేదు. పోయిన దారి ఖర్చు ఏదో ఒక సరుకులో రాబట్టాల్సిందే. చావు పరామర్శకు కాట్పాడి పోయిన మా పెదనాయన వస్తూ వస్తూ రెండు బుట్టల తాటిబెల్లం తెచ్చి, పెద్దకర్మ నాటికి అమ్మేశాడు. ఆ ఇంటివాళ్ళకు కూడా ఒక వీశె తూచాడని చెబుతారు.

నేను ఆయన కంటే రెండాకులు ఎక్కువ. పెళ్ళిచూపులకు పోయి, అమ్మాయి కాఫీ ఇచ్చి వెళ్ళగానే నేను కూర్చున్న కుర్చీ ఎంతకు కొన్నారని వాళ్ళ నాయనను అడిగాను. ఆయన చెప్పాడు. రెండు రూపాయలు ఎక్కువ పోసినారండీ అన్నాను. ఆ సంబంధం కుదరలేదు. కుర్చీ విషయంలో మాత్రం నా మాటే నిజమని నేటికీ అనుకుంటాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో మొట్టమొదటిసారి ఒక మనిషి మద్రాసు చూడ్డానికని మద్రాసు పోవాలనుకుంది. ఆ మనిషి మా అక్క. తీసుకుపోయినవాణ్ణి నేను.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. తిరువళ్ళూరులో ఇచ్చారు. బావది అక్కడ కిరాణా అంగడి. ఇద్దరు మగపిల్లలు. అక్కకు చిన్నప్పటి నుంచి రేచీకటి. దీపాలు పెట్టే వేళయితే ఆమెకు లోకం లేదు. మా ఇంట్లో ఎవరూ దాన్ని పెద్ద రోగమనుకోలేదు. ఆడపిల్ల, చీకటి పడినాక ఇంట్లోనే గదా ఉండేదని ఊరుకున్నారు. ముప్ఫై దాటేసరికి పగలు కూడా మొదలైంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపించేది, పక్కన ఉన్నది కనిపించేది కాదు. తలుపు రెక్కలకు భుజాలు తగిలేవి. నేలమీద పెట్టిన చెంబులు తన్నేసేది. "బొంగులో నించి చూసినట్టుండాదిరా నాకు" అని ఒకసారి నాతో అంది.

మద్రాసు నుంచి నెలకొకసారి తిరువళ్ళూరు వచ్చే కంటి డాక్టరుకు చూపించాం. ఆయన దీపం వేసి చాలాసేపు చూశాడు. దీనికి మందు లేదన్నాడు. ఆ బొంగు ఇంకా ఇంకా సన్నబడుతుందనీ, మహా అయితే రెండేళ్ళనీ చెప్పాడు. అక్కడ కూడా నేను ఊరుకోలేదు. "మూడేండ్లు ఉండదా సార్?" అని అడిగాను. ఆయన నా మొహం చూసి, కలానికి మూత పెట్టుకున్నాడు. లేచేటప్పుడు అక్కతో మాత్రం అన్నాడు: "చూడాలనుకున్నవేమైనా ఉంటే ఇప్పుడే చూసేయమ్మా."

వారం తర్వాత ఒక రోజు నేను వాళ్ళింటికి పోయినప్పుడు, బావ అంగట్లో బెల్లం కొడుతుంటే వచ్చి గడప మీద కూర్చుని, "నాకు సముద్రం చూడాలనుండాది" అంది.

బావ సుత్తి ఆపాడు. "సముద్రమా? ఉన్నట్టుండి అదేం కోరిక?"

"చిన్నోడు ఇస్కూలు పిల్లకాయలతో పోయొచ్చి చెప్పినాడు గదా. అవతలి గట్టు లేదంట. మన పూండి చెరువుకు ఎంత నీళ్ళొచ్చినా అవతలి గట్టు కనపడతాది. దీనికి కనపడదంట. అదెట్లుంటాదో చూడాల."

"కనపడనిదాన్ని చూసేదానికి పోతావా?" అన్నాడు బావ. అనేసి, అన్నదేమిటో తనకే తెలిసి, బెల్లం వైపు తల వంచేశాడు. అక్కే నవ్వింది. "అవును. కనపడనివి ఇంట్లోనే నిండా ఉండాయి, బయట కూడా ఒకటి చూసొస్తా."

పండగల కాలం, బావ అంగడి మూయలేడు. డబ్బాలో నుంచి తీసి నా చేతిలో నోట్లు పెట్టాడు. "బామ్మర్దీ, నీ సంగతి నాకు తెలుసు. ఈసారికి మాత్రం బేరాలు ఇంట్లో పెట్టి పో. టాక్సీ ఎక్కించు, హోటల్లో తినిపించు, మిగిల్చుకోని రావద్దు."

"నేనేమన్నా పిసినారినా బావా?"

"కాదు. పిసినారోళ్ళకు పాఠం చెప్పే వాత్యారువి నువ్వు."

ఆ మాట నాకు బిరుదులాగే వినిపించింది. అప్పుడే మనసులో అనుకున్నాను: ఇందులో సగమైనా వెనక్కి తెచ్చి ఈ మనిషి చేతిలో పెట్టి, మద్రాసు ఎట్లా చూడాలో నేర్పించాలి అని.

రోజు కూడా నేనే కుదిర్చాను. డిసెంబరు ఆఖరి రోజు మా కొండకు మెట్ల పూజ. జనం మెట్టు మెట్టుకూ కర్పూరం వెలిగించుకుంటూ ఎక్కుతారు. ఏడాదిలో మా అంగడికి ఆడికృత్తిక పండగ తర్వాత అంత గిరాకీ ఉన్న రోజు అదే. దానికి వారం ముందే కర్పూరం ఎట్లాగూ తేవాలి, ఆ రోజే పోదామన్నాను. ఒకే రైలు ఖర్చులో సరుకూ అవుతుంది, సముద్రమూ అవుతుంది. ఈ మాట చెబితే అక్క కాదనలేదు. ఆమె కూడా ఆ ఇంట్లో పుట్టిందే. ఒక్క షరతు పెట్టింది.

"పొద్దు వాలేలోపల నన్ను ఆడ నిలబెట్టాల. పొద్దు వాలినాక నాకు సముద్రం చూపించినా ఒకటే, మనింటి వెనక గోడ చూపించినా ఒకటే. తెలుసు గదా?"

"తెలుసక్కా. మధ్యాన్నానికే ఆడుంటాం."

నేను తిరుత్తణిలో పాసింజరు ఎక్కాను. ఎక్స్‌ప్రెస్సు అయితే గంట ముందే పోవచ్చు, కానీ దానికి టిక్కెట్టు ఎక్కువ. తిరువళ్ళూరులో బావ అక్కను ఎక్కించాడు. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది, పెళ్ళికి పోయేదానిలా. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. తిరునిన్రవూరు దాటేదాకా బయటికే చూసింది. తల నిమిషానికొకసారి కోడి తిప్పినట్టు తిప్పేది. ఆ బొంగులోకి ఎంత పడితే అంత ఏరుకుంటోందని నాకు అప్పుడు తోచలేదు. మెడ నొప్పి పుడుతుందక్కా, నేరుగా కూర్చో అన్నాను.

సెంట్రల్‌లో దిగేసరికి పదకొండు. "ముందు సముద్రానికే పోదామా?" అంది.

ఇక్కడ నా తెలివి చూడండి. ఈ ఎండలో ఇసక మీద కాలు పెట్టలేమన్నాను. సేట్లు ఒంటిగంటకు భోజనానికి లేస్తే మళ్ళీ నాలుగు దాకా బేరానికి దొరకరన్నాను. సరుకు పని ముగించేస్తే తర్వాత ఎంతసేపైనా నిశ్చింతగా కూర్చుని చూడొచ్చన్నాను. ఒక్కొక్క మాట విడిగా చూస్తే తప్పేమీ లేదు. అక్క "సరేరా, నీకు తెలుస్తాది" అంది.

హోల్‌సేల్ అంగట్లో అక్కను ఒక గోనె బస్తా మీద కూర్చోబెట్టి, సేటుతో మొదలుపెట్టాను. మెట్ల పూజ ముందర మేము కొనక తప్పదని సేటుకు తెలుసు. ఆయనకు తెలుసని నాకూ తెలుసు. ఆయన ధర చెప్పాడు. నేను నవ్వాను. ఆయన టీ తెప్పించాడు. అక్కకు కూడా ఇప్పించాను, దాని ఖర్చు మనది కాదు గనక. పన్నెండయింది. ఒంటిగంటయింది. సేటు భోజనానికి లేవకుండా నేను ఆపగలిగానని సంతోషించాను. కడాకు లేచిపోయాను.

లేచిపోవడం అంటే మా వీధిలో ఒక పద్ధతి. బేరం తెగనప్పుడు కొనేవాడు చేతిలో సరుకు కింద పెట్టి, మాట్లాడకుండా లేచి నడవాలి. తొందరగా కాదు, మెల్లగానూ కాదు. వెనక్కి మాత్రం చూడకూడదు. అంగడివాడు పిలుస్తాడు. మా నాయన గిరాకీని ఎనిమిదో అడుగులో పిలిచేవాడు. పక్కన పూలమ్మే ఆమె బుట్ట దాకా పోనిస్తే ఇంకొకడి చేతిలో పడతారని ఆయన లెక్క. పిలిస్తే కొనేవాడు గెలిచినట్టు. పిలవకపోతే ఆ రోజుకు ఆ అంగడి మొహం చూడకూడదు. పిలవకుండానే తనంతట తాను తిరిగొచ్చినవాడు మొదట చెప్పిన ధర ఇచ్చుకోవాలి. అంతే కాదు, ఆ పూట వీధి వీధంతా వాణ్ణి చూసి నవ్వుతుంది. నాకు నడక వచ్చిన నాటి నుంచి చూసిన ఆట ఇది.

సేటు ఆరో అడుగులో పిలిచాడు.

నా ఆనందానికి హద్దు లేదు. అక్క దగ్గరికి పోయి, "చూసినావా? ఆరో అడుగుకే" అన్నాను. "చూడలేదురా, నువ్వు పక్కకు పోయినావు" అంది. తర్వాత, "టైమెంతయింది?" అంది.

రెండున్నర. బేరంలో అంత డబ్బు మిగిలింది గదా అని నెమలి ఈకల అంగడికి కూడా పోయాను. అక్కడ ఇంకో గంట. పులిహోర పొట్లం విప్పుకుని తిన్నాం. మూట నా భుజానికెత్తుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి నాలుగుంబావు.

అప్పటికీ ఏమీ మించిపోలేదు. అది ముఖ్యంగా చెప్పాలి. బస్సెక్కితే ఇరవై నిమిషాలు. కానీ ఆఫీసులు విడిచే వేళ. బస్సులు స్టాపులో ఆగవు, యాభై గజాలు ముందుకు పోయి ఆగుతాయి. జనం పరుగెత్తుతారు. అక్క పరుగెత్తలేదు. ఎదురుగా ఉన్న బస్సు కనబడుతుంది గాని, పక్క నుంచి వచ్చే మనుషులు ఆమెకు కనబడరు. రెండో బస్సుకు ఒకడి సైకిలు తగిలి మోకాలు కొట్టుకుంది. మూడోదానికి నేను మెట్టెక్కి చెయ్యిచ్చాను, మూట అడ్డం పడింది, కండక్టరు విజిలు వేశాడు, నేను దూకేశాను.

"రిక్షాలో పోదాంరా" అంది చీర దులుపుకుంటూ.

మూల మీద అయిదారు సైకిల్ రిక్షాలు నిలబడి ఉన్నాయి. ముందు ఉన్నవాణ్ణి తమిళంలో అడిగాను. మేమిద్దరం మాట్లాడుకోవడం విన్నాడేమో, తెలుగులోనే బదులిచ్చాడు.

"మెరీనాకా? నాలుగు రూపాయలియ్యి అన్నా."

"నాలుగా? రిక్షా అమ్ముతా ఉండావా, బాడిగకు తొక్కుతా ఉండావా?"

"అమ్మితే నువ్వు తొక్కుకోని పోతావా?"

"రెండిస్తా."

"రెండుకు కోట దాకా వస్తాది. ఆడి నించి ఈదుకుంటా పో."

వెనక ఉన్న రిక్షావాళ్ళు నవ్వారు. నాకు ఉత్సాహం వచ్చింది. నవ్వేవాళ్ళుంటేనే బేరానికి రుచి. ఆయన మూడున్నరకు దిగాడు. నేను రెండుంబావుకు ఎక్కాను. మూట బరువన్నాడు. కర్పూరం, ఊదితే ఎగిరిపోతాదన్నాను. ఆడమనిషి ఉందన్నాడు. ఆడమనిషి ఉందనే అడుగుతున్నా, లేకపోతే నడిచే పోతానన్నాను. ఆయన చక్రం గొలుసు సవరించుకుంటూ కడసారి మాట చెప్పాడు.

"మూడు. ఇంక తగ్గను సామీ. ఎక్కితే ఎక్కు."

"రెండున్నర."

"మూడు."

అక్క నా మోచెయ్యి పట్టుకుంది. "ఇచ్చేయరా. నా కొంగులో ఉండాది దుడ్డు, నేనిస్తా."

"గమ్మునుండక్కా, నువ్వు చెడగొట్టొద్దు" అన్నాను గొంతు తగ్గించి. "నడువు. ఇప్పుడు పిలుస్తాడు చూడు."

నడిచాం. నేను అడుగులు లెక్కపెట్టుకున్నాను. ఆరు. ఎనిమిది. పది. అక్క కూడా వెనక్కి చూడలేదు. అంగడి ఇంటి బిడ్డ, ఆమెకు చెప్పక్కరలేదు. పదిహేనో అడుగుకు వెనక గంట మోగింది. వస్తున్నాడనుకున్నాను. అది ఇంకెవరినో ఎక్కించుకుని పక్క సందులోకి తిరిగిన వేరే రిక్షా. ఇరవై దాటాక ఆ మనిషి గొంతు వినబడింది. పిలవలేదు. "పోవయ్యా, సావుగిరాకీ!" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

నేను చాలా తిట్లు తిన్నాను. అంగట్లో కూర్చున్నవాడికి అవి తినే తిండిలో భాగం. కానీ గిరాకీ అనే మాటతో నన్నెవరూ తిట్టలేదు.

"పోదామారా వెనక్కి?" అంది అక్క.

ఇరవై అడుగులు. అర్ధరూపాయి. ఆ రిక్షావాడికి నేనెవరో తెలీదు. ఆ నవ్వేవాళ్ళలో ఒక్కడూ తిరుత్తణివాడు కాదు. మా నాయన అక్కడ లేడు. ఇవన్నీ నాకు ఆ క్షణంలోనే తెలుసు, తర్వాత తోచినవి కావు. అయినా నా కాళ్ళు తిరగలేదు. "దారిలో ఇంకోటి దొరుకుతాదిలే" అన్నాను.

దొరకలేదు. కోట పక్క రోడ్డు వెడల్పుగా, కార్లూ లారీలతో పోతూ ఉంది. వచ్చిన రిక్షాలన్నిటిలో జనం ఉన్నారు. ఎడమ భుజం మీద మూట, కుడి మోచేతికి అక్క. కోట గోడ ఎంతకూ అయిపోదు. డిసెంబరు ఎండ అప్పటికే పల్చబడింది.

"ఇంకా ఎండ ఉండాదా?" అని అడిగింది.

"నిండా ఉండాది."

కొంచెం దూరం పోయాక మళ్ళీ అడిగింది. ఉందనే చెప్పాను. మూడోసారి ఆమె అడగలేదు. నా మోచేతి మీద ఆమె వేళ్ళే చెప్పడం మొదలుపెట్టాయి. మొదట ఊరికే ఆనించింది. తర్వాత పట్టుకుంది. తర్వాత చొక్కా గుడ్డ పిడికిట్లో బిగించింది. ఆ పైన అడుగు వేసేముందు కాలితో నేల తడుముకోవడం మొదలైంది. నాకు ఆకాశం వైపు చూడాల్సిన పని లేకపోయింది.

వంతెన మీద గాలి తగలగానే ఆగింది. "వాసనొస్తా ఉండాది. సముద్రమేనా?"

"కాదక్కా, కూవం. మురికి నీళ్ళు."

"ఓహో" అంది. "ఇది కూడా ఊరికే చూపిస్తారా, దుడ్డు కట్టాల్నా?" అంది. నన్ను నవ్వించాలని చూసింది. నేను నవ్వలేదు, పరుగులాంటి నడక నడిచాను. ఆమె రెండుసార్లు తడబడింది.

ఇసక మీదికి దిగేసరికి వీధి దీపాలు వెలిగాయి. నాకైతే ఇంకా కనబడుతూనే ఉంది. మామూలు కళ్ళున్నవాడికి అది చీకటి కాదు. పిల్లలు గాలిపటాలు దించుకుంటున్నారు, సుండల్ గుగ్గిళ్ళు అమ్మేవాళ్ళు తిరుగుతున్నారు, గుర్రం మీద ఒకడు సవారీకి రమ్మంటున్నాడు. అక్క చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. తడి ఇసక దాకా నడిపించాను.

"యాడరా?" అంది.

"ఎదురుగానే ఉండాది అక్కా."

"నేరుగానేనా?"

ఆమె భుజాలు పట్టుకుని కొంచెం తిప్పాను. "ఇప్పుడు నేరుగా."

చూసింది. కళ్ళు పెద్దవి చేసి చూసింది. మూసి తెరిచి చూసింది. కోడిలాగా తల ఇటు తిప్పి, అటు తిప్పి, కిందికీ పైకీ చూసింది. అదిగో తెల్లగా అల వస్తోంది అన్నాను, అదిగో అక్కడ విరుగుతోంది అన్నాను.

"గమ్మునుండరా. నన్ను చూడనీ."

చాలాసేపు అట్లాగే నిలబడింది. ఒక అల వచ్చి ఆమె పాదాలు ముంచింది. ఉలిక్కిపడి నా మీద పడింది. "చెప్పకుండా వచ్చేస్తాదే!" అంది. పట్టుచీర అంచు తడిసి కాళ్ళకు చుట్టుకుంది. పిండుకోలేదు. మళ్ళీ నిలబడింది. ఒకచోట వేలు పెట్టి చూపించి, "ఆ చుక్క ఏంది?" అంది. దూరంగా నిలిచిన ఓడ దీపం. చెప్పాను. "అదొకటే కనపడతా ఉండాది" అంది. తర్వాత, "పదరా, రైలుకు టైమవుతాది" అంది.

రోడ్డు మీదికి వచ్చి టాక్సీ ఆపాను. ఎంత అని అడగలేదు. సెంట్రల్‌లో దిగి అతను చెప్పినంత ఇచ్చాను. నా బతుకులో అడిగినంత ఇచ్చిన మొదటి డబ్బు అది. దానితో కొన్నదేమీ లేదు.

తిరువళ్ళూరు స్టేషన్లో బావ లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రైలు ఆగగానే కిటికీలోకి వంగి, "చూసినావా?" అని అడిగాడు.

అక్క నా వైపు తిరగలేదు. "చూసినా" అంది. "చిన్నోడు చెప్పింది నిజమే. అవతలి గట్టు లేదు."

బావ మొహం ఎంత వెలిగిందో నేను చూశాను. "ఇంగేం. పని అయిపోయింది" అన్నాడు. నన్ను చూసి, "వాత్యారూ, టాక్సీ ఎక్కించినావా?" అన్నాడు.

"ఎక్కించినాడు" అంది అక్కే, బావ చెయ్యి పట్టుకుని దిగుతూ. రైలు కదిలింది. నేను తిరుత్తణి దాకా మూట పక్కనే కూర్చుని పోయాను.

మెట్ల పూజకు కర్పూరం బాగా అమ్ముడుపోయింది. మళ్ళీ తీసుకుపోవాలని నేను అనుకోకపోలేదు. పండగ ముగిసిన వారానికే తిరువళ్ళూరు పోయాను. బావ అంగట్లో ఉండగానే అన్నాను, "అక్కా, ఇంకోసారి మద్రాసు పోయొద్దామా?" అని. "చూసేసింది గదా, మళ్ళీ ఎందుకు బామ్మర్దీ ఖర్చు? నువ్వేనా ఈ మాటనేది?" అని బావ నవ్వాడు. అక్క కూడా నవ్వింది. "అవును, చూసేసినా" అంది.

ఆమె నన్ను కాపాడ్డానికి చెప్పిన మాట అది. ఆ మాటే తలుపు మూసింది. దాన్ని తెరవాలంటే నేను బావతో ఒక్క వాక్యం చెప్పాలి: చూడలేదు బావా, అర్ధరూపాయి దగ్గర నేను చీకటి చేశాను అని. వచ్చేసారి చెబుదామనుకున్నాను. వచ్చేసారి బావ వాళ్ళ అమ్మ అక్కడ ఉంది. ఆ పైసారి గిరాకీలు ఉన్నారు. తై నెల పోయింది, మాసి పోయింది. ఎండాకాలంలో ఎట్లా తిప్పడం అనుకున్నాను. ఆడికృత్తిక వచ్చింది, అంగడి విడిచి కదల్లేదు. ఆ మధ్యలో నేను మద్రాసుకు సరుకు కోసం పదిసార్లు పోయుంటాను. సముద్రం వైపు పోలేదు.

డాక్టరు రెండేళ్ళన్నాడు. ఏడాదిన్నరకే అయిపోయింది. ఒక పొద్దున అక్క పొయ్యి దగ్గర కూర్చుని, తెల్లారిందా అని పెద్దోణ్ణి అడిగింది. తెల్లారి చాలాసేపయింది.

తర్వాత అక్క చాలా ఏళ్ళు బతికింది. బావ అంగట్లో లోపలి వైపు కూర్చుని చింతపండు గింజలు తీసేది, పప్పులో రాళ్ళు వేలితో తడిమి ఏరేది. పక్కింటి ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటే సముద్రం సంగతి చెప్పేది. నేను విన్నాను ఒకసారి. నీళ్ళు లేచి నిలబడతాయనీ, విరిగి పాలు పొంగినట్టు పొంగుతాయనీ, ఆకాశమూ నీళ్ళూ ఎక్కడ కలిసినాయో తెలీదనీ చెప్పింది. అన్నీ చిన్నోడి మాటలు. తనది ఒకటే ఉంది అందులో: చెప్పకుండా వచ్చేస్తాది అనేది. వాళ్ళు "అబ్బ, కండ్లు పోయేలోపల చూసేసినావు, అదృష్టం" అన్నారు. "అవును, మా తమ్ముడు చూపించినాడు" అంది.

చిన్నోడు ఉద్యోగానికి పొన్నేరి పోయిన ఏడాది, ఒక మధ్యాహ్నం నేను పోయాను. బావ లోపల పడుకుని ఉన్నాడు. అంగట్లో మేమిద్దరమే. అక్క చేటలో వేళ్ళు ఆడిస్తూ, ఇంకేదో మాట్లాడుతూ మాట్లాడుతూ అడిగింది.

"ఒరే, ఆ పొద్దు నువ్వన్నా చూసినావు గదా. ఎట్లుండిందో చెప్పు."

ఇన్నేళ్ళలో ఆ రోజు గురించి ఆమె నన్ను అడగడం అదే మొదలు. చెప్పాలని నోరు తెరిచాను. జ్ఞాపకం చేసుకున్నాను. నాకు ఆమె మొహం జ్ఞాపకం ఉంది. తడిసిన చీర అంచు జ్ఞాపకం ఉంది. భుజం మీద మూట తాడు ఒరుసుకున్న చోటు జ్ఞాపకం ఉంది. అల వస్తోందని చెప్పిన నా మాట జ్ఞాపకం ఉంది గాని, ఆ అల లేదు. నేనూ చూడలేదు. ఆ కాసేపూ ఆమె కళ్ళనే చూస్తూ నిలబడ్డాను.

"ఏంరా?"

"నీలంగా ఉండింది అక్కా" అన్నాను. "కంటికి ఆనినంత దూరం నీలంగా."

ఆమె వేళ్ళు చేటలో ఆగాయి.

"ఆ చీకట్లో నీలం యాడ కనపడిందిరా నీకు?" అంది.

అక్క మళ్ళీ రాళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.